లోగోలోని లావు గుండ్రటి ఫాంటే కరపత్రం మొత్తానికీ వాడొచ్చా?

పెన్సిల్‌ముక్క:
పిల్లల మందు సీసాతో పాటు పెట్టే కరపత్రం చేస్తున్నాను. లోగో గుండ్రటి జామెట్రిక్ (కంపాస్‌తో గీసినట్టుండే) ఫాంట్‌లో, బాగా బోల్డ్‌గా, అంటే లావు గీతలతో ఉంది. ఇంగ్లిష్ 'ఓ' దాదాపు వృత్తమే, గీతల చివరలు వేలికొసల్లా నున్నగా ఉంటాయి. క్లయింట్‌కి తెగ నచ్చేసి, మోతాదు వివరాలతో సహా అంతా అదే బోల్డ్‌లో, 8 పాయింట్ సైజులో కావాలంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

గుండుసున్న:
వాడేయండి. గుండ్రటి అక్షరమంటే పిల్లల ఆటవస్తువులకే అనుకోవడం పాత అలవాటు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ కోసం చేసిన వ్యాగ్ రౌండెడ్ అనే గుండ్రటి ఫాంట్‌ని యాపిల్ ఏళ్ల తరబడి కీబోర్డుల మీద వాడింది. అంత చిన్న మీటల మీదే చదివాం కదా!

సీసపు అచ్చు:
ఆ పోలిక కుదరదండీ. మీట మీద ఉండేది ఒక్క అక్షరం, చుట్టూ బోలెడు ఖాళీ. పైగా అది సన్నటి వెయిట్, అంటే గీతలు పలచన. ఇక్కడ చిక్కు గుండ్రదనంతో కాదు, లావుతో. గీత లావెక్కేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గిపోతుంది. ఇంగ్లిష్ చిన్న 'ఇ' నోరు మూసుకుని 'ఓ'లా కనిపిస్తుంది. 6, 8, 9 అంకెల కడుపులో మిగిలేది చుక్కంత తెలుపు. కాగితం సిరా పీల్చిందంటే అదీ పూడిపోతుంది.

జామెట్రిక్ అన్నా, ఉత్త కంపాస్ గీతలు కావు. పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా ఫాంట్ (1927) చూడండి. గుండ్రటి భాగం నిలువు గీతను కలిసేచోట సన్నబడుతుంది. లేకపోతే అక్కడ నల్లటి ముద్ద తేలుతుంది. 'ఓ' కూడా పక్కనున్న 'హెచ్' కంటే పైకీ కిందికీ రవ్వంత ఎక్కువ ఉంటుంది, సమానంగా గీస్తే పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి. పోస్టర్ కోసం చేసిన ఫాంట్‌లో ఈ సర్దుబాట్లన్నీ పెద్ద సైజును చూసి చేసినవి. 8 పాయింట్‌కి దించితే అవి అక్కరకు రావు.

గుండుసున్న:
సరే, లోగో ఒకలా, లోపలి మేటర్ ఇంకోలా ఉంటే అతుకులబొంతలా ఉండదా? అదే ఫాంట్‌లో మామూలు లావుండే రెగ్యులర్ వాడొచ్చుగా.

దూరపుచూపు:
రెగ్యులర్ అయితే నాకు పేచీ లేదు. కాకపోతే పెద్ద సైజు కోసం చేసే డిస్‌ప్లే ఫాంట్లలో అక్షరాలు బిగుతుగా ఉంటాయి, ఎడం కాస్త పెంచాలి. బోల్డ్‌ని పేరుకీ, హెడ్డింగుకీ ఉంచండి. పెద్ద సైజులో మూడంటే మూడు అక్షరాలు పెట్టి చూడండి, మధ్యనున్న ఖాళీలే బొమ్మల్లా ఉంటాయి. నేనైతే ఆ అందం కోసమే కొంటాను.

పెన్సిల్‌ముక్క:
రెండు రకాలూ అసలు సైజులో, అసలు కాగితం మీద ప్రింట్ తీసి క్లయింట్ చేతికిచ్చాను. బోల్డ్‌లో ఉన్న '6 మి.లీ.'ని 8 అని చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని చూసి, మళ్లీ 8 అన్నారు. మోతాదు వివరాలకి రెగ్యులర్ ఒప్పుకున్నారు.

గుండుసున్న:
తప్పు ఫాంట్‌దో, కళ్లద్దాలదో ఇంకా తేలలేదు. రెగ్యులర్‌లో ఉన్న 6ని ఎంత అని చదివారో అది చెప్పండి.