నాలుగు ఫ్లాట్లున్న వాళ్లతో పోటీపడి మొదటి ఇల్లు ఎట్లా కొనాలి? (హన్మకొండ)

టీచరమ్మ_హన్మకొండ

అందరికీ నమస్కారం. నేను హసన్‌పర్తి మండలంలో ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. మా ఆయన మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరిదీ కలిపి నెలకు 84 వేలు చేతికొస్తాయి. పెళ్లయి పన్నెండేళ్లు, ఇది నాలుగో కిరాయి ఇల్లు. నాలుగిళ్లలోనూ పాలు పొంగించాను.

దసరా ముందు గోపాల్‌పూర్‌లో ఒక ఫ్లాట్ చూశాం. రెండో అంతస్తు, డబుల్ బెడ్రూమ్, 1,150 ఎస్‌ఎఫ్‌టీ, తూర్పు ముఖం. 52 లక్షలకు మాటైంది, 50 వేలు టోకెన్ ఇచ్చాం. లింక్ డాక్యుమెంట్లు తీసుకుని బ్యాంకుకు వెళ్తే లీగల్ ఒపీనియన్‌కు రెండు వారాలు, వాల్యుయేషన్‌కు ఇంకో వారం పట్టింది. ఈలోపు అమ్మే ఆయన ఫోన్ చేశారు. ఒకాయన మొత్తం డబ్బు పది రోజుల్లో ఇస్తానంటున్నాడు, మీ టోకెన్ తీసుకుపొండి అన్నారు. ఆయన చెప్పిన రేటు మాకంటే లక్ష తక్కువ. అయినా ఆయనకే ఇచ్చారు.

కొన్నాయనకు ఆ కాలనీలో అప్పటికే మూడు ఫ్లాట్లున్నాయని వాచ్‌మన్ చెప్పాడు. మొన్న అటు వెళ్తే ఆ బాల్కనీ నిండా మగపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. కోచింగ్ పిల్లలు ఎనిమిది మంది, బెడ్‌కు 3,200 అట. నెలకు 25,600. మాలాంటి కుటుంబం ఉంటే అదే ఇంటికి 13 వేలకు మించి రాదు. మా పాప ఏ కిటికీ దగ్గర టేబుల్ వేసుకోవాలో కూడా చూసి పెట్టుకుంది. ఆ కిటికీకి ఇప్పుడు టవల్ కట్టారు.

ఆ తర్వాత భీమారంలో ఇంకొకటి దొరికింది. అదీ 52 లక్షలే. కాకపోతే 38 లక్షలకే రిజిస్ట్రేషన్ చేస్తాం, మిగతా 14 లక్షలు చేతికి ఇవ్వాలి అంటున్నారు. మా దగ్గర పొదుపు, చిట్టి, నా బంగారం అన్నీ కలిపితే 16 లక్షలు.

కిరాయిల కోసం కొనేవాళ్లే మాలాంటి వాళ్లకు ఇల్లు దొరక్కుండా చేస్తున్నారా? లేక మేమే ఎక్కడైనా పొరపాటు చేస్తున్నామా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు ఈ టెన్షన్‌తో నిద్ర రావడం లేదు.

కరీంనగర్_పోరడు

అక్కా, ఒకసారి లెక్క చూడండి. 52 లక్షల ఇంటికి 13 వేల కిరాయి అంటే ఏడాదికి 1 లక్షా 56 వేలు, పెట్టిన డబ్బు మీద 3 శాతం. మీరు 41 లక్షల 60 వేలు లోన్ తీసుకుంటే ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లపాటు నెలకు 36 వేల ఈఎంఐ. అదే ఇంట్లో 13 వేలకు ఉండి, మిగిలిన 23 వేలు ఎక్కడైనా దాచుకుంటే మీకే లాభం. ఇల్లు కొనడం నాకైతే తొందరపాటు అనిపిస్తోంది.

టీచరమ్మ_హన్మకొండ

తమ్ముడూ, నీ లెక్క సరైందే. మేమూ అదే లెక్కతో పన్నెండేళ్లు ఉన్నాం.

పోయినేడు ఎండాకాలం మా మామయ్యకు సీరియస్ అయింది. ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టర్లు చెప్పారు. అంబులెన్స్ వచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో ప్రాణం పోతే మాకు అరిష్టం, మీ ఊరికి తీసుకుపొండి అంది. ఆవిడ చెడ్డది కాదు, పండగకు పిండివంటలు పంపేది. అయినా గేటు తీయలేదు. మా ఊరు పరకాల అవతల. దారిలో ఆత్మకూరు దగ్గర, అంబులెన్స్‌లోనే ఆయన పోయారు. పదకొండు రోజులూ ఊళ్లోనే ఉన్నాం. తిరిగొచ్చాక కూడా, ఇల్లు శుద్ధి చేయించి లోపలికి వెళ్లండి అన్నారు.

మా అత్తమ్మకు ఇప్పుడు 71. ఆమె విషయంలో మళ్లీ అట్లా జరగనివ్వను. ఆ 23 వేలు నాకు దీనికి సరిపోతాయా చెప్పు.

బొగ్గుబాయి_ముప్పైఏళ్లు

అమ్మా, నీ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నువ్వు చెప్పే కిరాయి ఓనర్లలో నేనూ ఒకణ్ని. గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరయ్యాను. మాకొచ్చేది 1998 నాటి బొగ్గు గనుల పింఛను. దాని మీద డీఏ లేదు, రిటైరైన రోజు ఎంతో ఇవాళా అంతే. కూరగాయల ధర మాత్రం అక్కడే ఆగదు కదా. అందుకే గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బులతో హన్మకొండలో రెండు ఫ్లాట్లు కొన్నాను. ఒకదాంట్లో మేముంటాం, రెండోదాని కిరాయి మా ఇద్దరి మందులకు, సరుకులకు.

కొన్న రోజున నా వెనక ఎవరైనా లైన్‌లో ఉన్నారేమోనని నేను అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. నువ్వు చెప్పిన గేటు సంగతి మాత్రం మనసులో నుంచి పోవడం లేదు. మా కిరాయిదారు ఇంట్లోనూ ముసలమ్మ ఉంది. సాయంత్రమే కిందికి వెళ్లి, ఏ కష్టమొచ్చినా ఈ ఇల్లు మీదే అనుకోండి అని ఆమె కొడుక్కు చెప్పి వచ్చాను.

లోన్_సెక్షన్

మేడమ్, నేను బ్యాంకులో హౌసింగ్ లోన్లు చూస్తాను. మిమ్మల్ని దాటిపోయింది కిరాయి ఓనర్ అనేకంటే చేతిలో నగదున్న మనిషి అనడం కరెక్ట్. ఆయన పది రోజుల్లో ముగిస్తాడు, లోన్‌తో కొనేవాళ్లకు నెలా నెలన్నర పడుతుంది. అందుకే లక్ష తక్కువైనా ఆయనకే ఇచ్చారు.

భీమారం ఇంటి లెక్క చూడండి. 30 లక్షలు దాటిన లోన్‌కు, 75 లక్షల వరకు, ఇంటి విలువలో 80 శాతమే ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ రూల్. 38 లక్షల దస్తావేజు మీద మీకొచ్చేది 30 లక్షల 40 వేలు. మీరు పెట్టాల్సింది మార్జిన్, అంటే లోన్ పోను మిగిలిన మీ వాటా, 7 లక్షల 60 వేలు, చేతికి 14 లక్షలు, 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు 2 లక్షల 85 వేలు. మొత్తం 24 లక్షల 45 వేలు. అదే ఇంటిని పూర్తి 52కు రాయిస్తే మార్జిన్ 10 లక్షల 40 వేలు, రిజిస్ట్రేషన్ 3 లక్షల 90 వేలు, కలిపి 14 లక్షల 30 వేలు. మీ 16 లక్షల్లో సరిపోతుంది. పైగా ఇంటి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకుంటే తీసుకున్న వాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇది అమ్మేవాళ్లకు నెమ్మదిగా చెప్పి చూడండి, కొందరు వింటారు.

ఆదాయపు పన్ను విషయంలో మాత్రం మీ బాధ నిజం. కొత్త పన్ను పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. కిరాయికిచ్చిన ఇంటికైతే ముందు కిరాయిలో 30 శాతం తీసేస్తారు, మిగిలిన దాంట్లో నుంచి వడ్డీ కూడా తీసేయొచ్చు. ఇది నాకూ న్యాయంగా అనిపించదు. పీఎం ఆవాస్ 2.0 వడ్డీ సబ్సిడీ ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయానికి, 35 లక్షల లోపు ఇంటికి. మీకు రాదు, దానికోసం తిరగకండి.

ముందు మీ జీతాల మీద శాంక్షన్ లెటర్, అంటే ఇంత లోన్ ఇస్తామని బ్యాంకు ఇచ్చే కాగితం, తీసుకోండి. ఆ తర్వాత, బ్యాంకు లీగల్ ముందే అయిపోయిన అపార్ట్‌మెంట్లలోనే చూడండి. రెండు వారాలు అక్కడే మిగులుతాయి.

జమ్మికుంట_నుంచి_లెస్టర్

ఇక్కడ ఇంగ్లండ్‌లో కిరాయి కోసం ఇల్లు కొనేవాళ్లకు 1996 నుంచి ప్రత్యేకంగా లోన్లు ఇస్తున్నారు. 2016 ఏప్రిల్ నుంచి రెండో ఇంటికి స్టాంప్ డ్యూటీ 3 శాతం అదనం, 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతం చేశారు. మన తెలంగాణలో మొదటి ఇంటికీ ఐదో ఇంటికీ అదే 7.5. ఇక్కడ వేర్వేరు కుటుంబాల వాళ్లు ఐదుగురో అంతకంటే ఎక్కువో ఒకే ఇంట్లో కిరాయికుంటే కౌన్సిల్ లైసెన్స్ కావాలి. ఆ గోపాల్‌పూర్ ఫ్లాట్‌లో ఎనిమిది మంది అన్నారు కదా, నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. బెడ్ లెక్కన కిరాయి వస్తుంటే కుటుంబం ఆ రేటుతో ఎట్లా పోటీ పడుతుంది? ఇన్ని రూల్స్ ఉన్నా నేను ఇంకా కిరాయి ఇంట్లోనే ఉన్నానక్కా, అది కూడా చెప్పాలి.

టీచరమ్మ_హన్మకొండ

అందరికీ ధన్యవాదాలు. మేడమో సారో, లోన్ సెక్షన్ గారూ, ఆ 24 లక్షల లెక్క మాకు ఇన్ని రోజులూ ఎవరూ వేసి చూపించలేదు. పూర్తి విలువకు రాయమని భీమారం వాళ్లను అడుగుతాం, కాదంటే వదిలేస్తాం. సోమవారం సగం రోజు సెలవు పెట్టి శాంక్షన్ కోసం వెళ్తున్నాం.

బాబాయ్, మీరు కిందికి వెళ్లి చెప్పొచ్చారన్నది చదివి ఏడుపొచ్చింది. ఎప్పుడైనా ఆ ఫ్లాట్ అమ్మాలనుకుంటే నాకొక మాట చెప్పండి.

బొగ్గుబాయి_ముప్పైఏళ్లు

చెప్తానమ్మా. ముందు అందులో ఉన్నవాళ్లను అడగాలి, ఆరేళ్ల నుంచి ఉంటున్నారు. వాళ్లు వద్దంటే నీకే. లోన్‌కు ఎన్ని రోజులైనా ఆగుతాను.