కుకీలు వద్దన్నా అనలిటిక్స్ ట్యాగ్ ఆగట్లేదు

రుషికొండ హోటల్ సైట్ అండీ. బ్యానర్‌లో ‘తిరస్కరించు’ నొక్కినా జీఏ (గూగుల్ అనలిటిక్స్, సందర్శకుల లెక్క చూపే సాధనం) కుకీ పడుతోంది. గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో (సైట్‌లో ఇలాంటి ట్యాగ్‌లు, అంటే చిన్న కోడ్‌లు నడిపే సాధనం) ఎక్కడ సరిచేయాలి?

జవాబు: డిఫాల్ట్ కన్సెంట్ (సందర్శకుడు ఏదీ నొక్కకముందు ఉండే అనుమతి స్థితి) ఆలస్యంగా వస్తోందండీ. కన్సెంట్ ట్యాగ్‌ని ‘ఆల్ పేజెస్’ మీద కాదు, మిగతా ట్యాగ్‌లకన్నా ముందే నడిచే ‘కన్సెంట్ ఇనిషియలైజేషన్’ ట్రిగ్గర్ (ట్యాగ్ ఎప్పుడు నడవాలో చెప్పేది) మీద పెట్టండి. అనలిటిక్స్ స్టోరేజ్, యాడ్ స్టోరేజ్, యాడ్ యూజర్ డేటా, యాడ్ పర్సనలైజేషన్ నాలుగూ మొదట ‘డినైడ్’ (అనుమతి లేదు) అని ఉంచండి. బ్యానర్ నెమ్మదిగా లోడైతే ‘వెయిట్ ఫర్ అప్‌డేట్’ (సందర్శకుడి ఎంపిక కోసం ట్యాగ్‌లు ఆగే సమయం) 500 మిల్లీసెకన్లు పెట్టండి.

మరో జవాబు: థీమ్‌లో ఎవరైనా ట్యాగ్ మేనేజర్‌తో పనిలేకుండా విడిగా జీట్యాగ్ (గూగుల్ ట్యాగ్) కోడ్ అతికించారేమో చూడండి. చాలాసార్లు దొంగ అదే. ఇన్‌కాగ్నిటోలో బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ‘కలెక్ట్’ రిక్వెస్ట్ చూడండి: తిరస్కరించినప్పుడు జీసీఎస్ (అనుమతి స్థితి చూపే గుర్తు) విలువ జీ100 ఉండాలి, అన్నీ ఒప్పుకున్నాక జీ111.

ఇంకొకరు: డినైడ్‌లోనూ కుకీ లేని పింగ్‌లు (చిన్న సమాచార సంకేతాలు) గూగుల్‌కి వెళ్తూనే ఉంటాయి. వద్దన్నవాళ్ల నుంచి ఏదీ పోకూడదంటే ట్యాగ్‌లో అదనపు కన్సెంట్ తప్పనిసరి చేయండి. నా ఓటు దానికే. అప్పుడు ‘అంగీకరించు’ నొక్కగానే పనిచేసే ట్రిగ్గర్ కూడా కలపాలి, లేకపోతే మొదటి పేజీ లెక్కలోకి రాదు.