నిజాం డబ్బు 70 ఏళ్లు లండన్ బ్యాంకులో ఎందుకు ఉండిపోయింది?

ప్రశ్న (లా సెకండియర్, కింగ్ కోఠి):
మా నాన్న ఇక్కడే జిరాక్స్ షాపు నడుపుతారు. నేను చదువుతున్న నిజాం ఫండ్ కేసు గురించి చెబితే ఒకే మాట అడిగారు: "వేసినాయనే ఆ నెలల్నే వాపస్ ఇమ్మంటే బ్యాంకు ఎందుకియ్యలేదురా?"

1948 సెప్టెంబర్, పోలీస్ చర్య రోజులు. నిజాం ప్రభుత్వ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్‌లో ఉన్న పది లక్షల పౌండ్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరిట మార్పించారు. 27న నిజాం తిరిగి ఇమ్మన్నారు. అయినా రాలేదు. ఆస్తి హక్కు కన్నా ఒక దేశపు సార్వభౌమత్వం పెద్దదా?

జవాబు (అడ్వకేట్, నాంపల్లి):
నాన్నగారి ప్రశ్న సరైనదే తమ్ముడూ. ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆయన ఒప్పుకోకుండా బ్యాంకు వేరేవాళ్లకు ఇవ్వలేదు. నిజాం కోర్టుకెళ్లారు. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు) ఏమందంటే, రహీంతుల్లా మీద దావా అంటే పాకిస్తాన్ మీద దావానే, ఒక దేశాన్ని దాని ఒప్పుదల లేకుండా మా కోర్టుకు లాగలేం అని.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. డబ్బు నిజాందా కాదా అన్నది ఆ తీర్పు తేల్చనేలేదు. హక్కు చచ్చిపోలేదు, అడిగే చోటు మూసుకుపోయింది. నా దృష్టిలో అది ఆ మనిషికి జరిగిన అన్యాయమే.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, తార్నాక):
ఒక మాట కలుపుతాను. అదే తీర్పులో జడ్జిల్లో ఒకరైన లార్డ్ డెన్నింగ్ విడిగా రాసింది తప్పక చదవండి. వ్యాపార లావాదేవీల్లో దేశాలకు ఈ రక్షణ ఉండకూడదన్నారు. బ్రిటన్ 1978 చట్టంతో ఆ దారికే వచ్చింది.

అడ్వకేట్, నాంపల్లి:
అవును సార్. ఇక తాళం తీసింది పాకిస్తానే. 2013లో డబ్బు తమదేనని తామే దావా వేశారు. కోర్టుకు తామే వచ్చాక రక్షణ ఎక్కడిది? ఆయుధాల బాకీ కింద ఇచ్చారన్న పాకిస్తాన్ వాదన నిలవలేదు. రహీంతుల్లా ఆ సొమ్ము నిజాం కోసమే ట్రస్టుగా పట్టుకున్నారని 2019 అక్టోబర్ 2న లండన్‌లోని హైకోర్టు తేల్చింది. అప్పటికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు. తీర్పు నిజాం వారసులకూ భారత ప్రభుత్వానికీ అనుకూలంగా వచ్చింది.

లా సెకండియర్:
థాంక్యూ సార్. నాన్నకు చదివి వినిపించాను. "ఆ పెద్దాయన 1967లోనే పోయిండు గదా" అన్నారు.