పన్నెండేళ్ల గ్యాప్ తర్వాత కర్నూల్లో ఏ పని వైపు పోవాలి?

హంద్రీగట్టు
బీకాం, బీఈడీ. 2013 దాకా ఎరువుల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూసేదాన్ని. అప్పటి వ్యాట్, ట్యాలీ ఈఆర్‌పీ 9 వచ్చు. వయసు 41, ఓసీ. కర్నూలు దాటి పోలేను. మళ్లీ అకౌంట్సా, డీఎస్సీనా, మెడికల్ కోడింగా? ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు ఫీజు కట్టమంటున్నారు.

గండికోట
ముందు డీఎస్సీ సంగతి తేల్చుకోండక్కా, వయసు గడువు ఉండేది దానికే. 2025 మెగా డీఎస్సీలో ఓసీలకు 44 ఏళ్లు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 49. 2018 డీఎస్సీ తర్వాత పెద్దది మళ్లీ 2025లోనే పడింది. ఆ లెక్కన తర్వాతిది ఆలస్యమైతే మీ వయసు దాటిపోతుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీతో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టుకు దారి లేదు, స్కూల్ అసిస్టెంట్ ఒక్కటే మిగులుతుంది. దానికి మీ బీకాం సబ్జెక్టులు సరిపోతాయో లేదో 2025 నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ తీసి మీరే చదవండి, కోచింగ్ సెంటర్ వాళ్లను అడగొద్దు. సరిపోతే టెట్ రాసి పెట్టుకోండి. 150కి ఓసీలకు 90 రావాలి. పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. అంతేగానీ దీన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

నల్లమల
మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులు, చికిత్సలకు బిల్లింగ్ కోడ్‌లు వేసే పని) గురించి నాలుగు ముక్కలు. దాని సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. అనాటమీ మొదట్నుంచి చదవాలి. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, చెన్నైలో. ఇంటి నుంచి పని అనేది అనుభవం ఉన్నవాళ్లకే సులువుగా దొరుకుతుంది. ఊరు దాటలేనప్పుడు పక్కన పెట్టేయండి.

ఆదోని మార్కెట్‌యార్డు
మేడమ్, మీ దారి మీ ప్రశ్నలోనే ఉంది. ట్యాలీ తెలిసినవాళ్లు బజారు నిండా ఉన్నారు. ఎరువుల వ్యాపారం లోపల నుంచి తెలిసిన అకౌంటెంట్ దొరకడమే కష్టం. అదే షాపులో విత్తనాలకు పన్ను లేదు, యూరియా, డీఏపీలకు 5 శాతం, పురుగుమందులకు ఎక్కువగా 18. విత్తనాల అమ్మకం కలిసి ఉంటుంది కాబట్టి అద్దె, ఆడిటర్ ఫీజు లాంటి ఉమ్మడి ఖర్చుల మీద తీసుకున్న క్రెడిట్‌లో (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మకాల పన్నులో తగ్గించుకునేది) కొంత వాటా వెనక్కి కట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే, నోటీసు వచ్చేదీ దీనికే.

మా వైపు జిన్నింగ్ మిల్లుల్లో ఇంకో తిరకాసు ఉంది. రైతు దగ్గర నేరుగా కొన్న పత్తికి అమ్మినవాళ్ల బదులు కొన్న మిల్లే రివర్స్ చార్జ్ కింద 5 శాతం జీఎస్టీ కట్టాలి. ఉన్న క్రెడిట్‌తో సర్దడానికి లేదు, నగదుగానే కట్టాలి. పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో 3.1(డి) గడిలో చూపించి, 4(ఏ)(3)లో క్రెడిట్ తీసుకోవాలి. మొదటిది వేసి రెండోది మరిస్తే యజమాని డబ్బు ఇరుక్కుపోయినట్టే.

మీరు మానేసినప్పుడు గద్వాల మన రాష్ట్రమే. ఇప్పుడు అక్కడి పార్టీ జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, మనది 37, బళ్లారిది 29. ట్యాలీలో లెడ్జర్ తెరిచేటప్పుడు రాష్ట్రం తప్పుగా పెడితే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడేది) పడాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపల అమ్మితే పడేవి) పడతాయి. సరిహద్దు ఊళ్లలో రోజూ చూసే తప్పు ఇది.

హంద్రీగట్టు
అన్నా, కోర్సు లేకుండా ఇవన్నీ ఎట్ల ప్రాక్టీస్ చేయాలి? వ్యాట్ దగ్గరే ఆగిపోయాను.

ఆదోని మార్కెట్‌యార్డు
ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోవడానికి అది చాలు. తెలిసిన షాపులో ఒక నెల బిల్లులు అడిగి తెచ్చుకోండి. కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్కించి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 తీయండి, షాపు వాళ్లు వేసిన దానితో పోల్చండి.

తేదీలు గుర్తుంచుకోండి: నెలవారీ వాళ్లకు జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11న, 2బీ (సప్లయర్లు వేసిన బిల్లుల ప్రకారం మనకు వచ్చే క్రెడిట్ జాబితా) వచ్చేది 14న, 3బీ 20న. 2025 జూలై రిటర్ను నుంచి 3బీలో అమ్మకాల పన్ను అంకెలు చేత్తో మార్చడానికి వీల్లేదు. జీఎస్టీఆర్-1లో తప్పు పోతే 3బీ వేయకముందే జీఎస్టీఆర్-1ఏ అనే సవరణ ఫారంలో దిద్దాలి.

తాడిపత్రి
దానికి ఎక్సెల్ కలపాలి. కొత్తగా చేరిన వాళ్లకు మొదట ఇచ్చే పని 2బీని మన కొనుగోళ్లతో సరిచూడటమే. బిల్లు నంబరుతో వీలుకప్ (ఎక్సెల్‌లో వెతికే ఫార్ములా) పెడితే సగం కలవవు, ఎందుకంటే సప్లయర్ పోర్టల్లో 0042 అని వేస్తాడు, మీరు 42 అని ఎక్కించి ఉంటారు, ఎక్కడో ఒక ఖాళీ, ఒక గీత. జీఎస్టీ నంబరు, పన్నుకు ముందు మొత్తం రెండూ కలిపి ఒక గడి చేసి వెతకండి, చాలావరకు దొరుకుతాయి. మిగిలినవి కంటితో చూసుకోవాలి. అప్పటికీ దొరకనివి సప్లయర్ 11 దాటాక వేసినవై ఉంటాయి, వచ్చే నెల 2బీలో కనబడతాయి.

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి దిగులొద్దు. 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లన్నీ మారాయి. ఇరవై ఏళ్లు ఆపకుండా చేసినవాళ్లు కూడా మళ్లీ నేర్చుకోవాల్సిందే.

నల్లమల
గ్యాప్ గురించి రెజ్యూమేలో "2013 నుంచి కుటుంబ బాధ్యతలు" అని ఒక లైను చాలు. దాని కిందనే ఇప్పుడు చేసిన ప్రాక్టీస్ రాయండి: ఎరువుల షాపు ఒక నెల బిల్లులు, జీఎస్టీఆర్-1, 2బీ పోలిక. ఆ ఎక్సెల్ షీటు ప్రింట్ తీసి వెంట తీసుకుపోండి. సర్టిఫికెట్ కన్నా దాన్నే తిరగేసి చూస్తారు.

గండికోట
ఎప్పుడు అడగాలనేది కూడా ముఖ్యమే. ఆడిట్ రిపోర్టు గడువు సెప్టెంబరు 30. కాబట్టి మే, జూన్‌లో ఆడిటర్ ఆఫీసులకు పోతే మనిషి అవసరం ఉంటుంది. సెప్టెంబరులో పోతే నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. నెలలో 10, 11, 19, 20 తేదీల్లో అసలు పోవద్దు, తలెత్తి చూడరు.

హంద్రీగట్టు
జీతం ఎట్ల అడగాలి?

ఆదోని మార్కెట్‌యార్డు
మొదటి మూడు నెలలకు ఒక అంకె, 3బీ సొంతంగా వేసే స్థాయికి వచ్చాక ఇంకో అంకె, రెండూ చేరేరోజే మాట్లాడుకోండి. "చూద్దాంలే" అంటే ఇంకో ఆఫీసు చూసుకోండి. ఆడిటర్ ఆఫీసులో రెండు సీజన్లు చేస్తే రకరకాల వ్యాపారాలు చేతికొస్తాయి. ఆ తర్వాత నాలుగైదు చిన్న షాపులకు సొంతంగా పుస్తకాలు రాసుకోవచ్చు. టర్నోవర్ 5 కోట్లలోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లతో మొదలుపెట్టండి, గడువుల ఒత్తిడి తక్కువ. వాళ్లకు కూడా మొదటి రెండు నెలలు 25లోపు చలానా కట్టాలి, అది మాత్రం మరవొద్దు.