ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీకి ఏ ఇంజిన్: డీజిలా, పెట్రోలా, హైబ్రిడ్డా?

దారిమనిషి:
ఇంట్లో ఆరుగురం. ఏడు సీట్ల బండే కొనాలని తేల్చుకున్నాం, ఇంజిన్ దగ్గర ఆగిపోయాం. రోజూ ఆఫీసుకీ బడికీ నాలుగైదు కిలోమీటర్ల ట్రిప్పులు. రెండు నెలలకోసారి మాత్రం అందరం సామానుతో ఘాట్ రోడ్డు మీదుగా ఊరెళ్తాం. పెద్ద బండంటే డీజిలే తీసుకోమని అందరూ అంటున్నారు. నిజమేనా?

ఘాట్‌రోడ్:
నిజమేనండీ. రెండు టన్నుల బండిని జనంతో సహా లాగడానికి టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం కావాలి. టర్బో డీజిల్‌లో అది ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, 1,500 నుంచి 2,000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యే అందుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేర్ తగ్గించక్కర్లేదు. పైగా లీటరు డీజిల్‌లో పెట్రోల్ కంటే 10 శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ మైలేజీలో తేడా బాగా తెలుస్తుంది.

నల్లమసి:
ఘాట్‌రోడ్ గారు చెప్పింది ఊరెళ్లే రోజుకి సరిపోతుంది. మిగతా రోజుల మాటేమిటి? నేను సరిగ్గా ఇలాగే ఆలోచించి డీజిల్ కొన్నాను. ఏడాది తిరక్కుండానే డీపీఎఫ్ (డీజిల్ మసి ఫిల్టర్) లైటు వెలగడం మొదలైంది. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని ఆ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. మసిని కాల్చేయాలంటే ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీల వేడికి చేరాలి. నాలుగు కిలోమీటర్లలో ఇంజినే సరిగా వేడెక్కదు, ఇక ఫిల్టర్ ఎక్కడ వేడెక్కుతుంది? సగంలో బండి ఆపేస్తే ఆ పనీ సగంలోనే ఆగిపోతుంది. చాలా ఇంజిన్లలో మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పెరిగి కనిపించింది! అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఘాట్‌రోడ్:
వారానికోసారి హైవే మీద అరగంట ఒకే వేగంతో నడిపితే చాలా వరకు సరిపోతుంది కదా?

నల్లమసి:
సరిపోతుంది, నేనూ అదే చేశాను. కానీ ఫిల్టర్ కోసం పని లేకపోయినా బండి తీయాల్సి వచ్చిందంటే, ఆ ఇంజిన్ మా వాడకానికి తగినది కాదన్నమాటే.

మూడోవరుస:
మీ రోజువారీ వాడకానికి స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బండిని సొంతంగా లాగగల బ్యాటరీ మోటారు కూడా ఉన్నది, సరిగ్గా సరిపోతుంది. ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో చాలాసేపు మోటారే లాగుతుంది, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. హైవే మీద ఒకే వేగంతో వెళ్తే మాత్రం ఈ లాభం తగ్గిపోతుంది. పొడవైన ఘాట్‌లో బ్యాటరీ అయిపోతే భారమంతా పెట్రోల్ ఇంజిన్ మీదే పడుతుంది, చప్పుడు పెరుగుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మాత్రం ఇంట్లో ఛార్జింగ్ ఉంటేనే తీసుకోండి. లేకపోతే అంత పెద్ద బ్యాటరీని ఊరికే మోసుకు తిరగడమే. మామూలు టర్బో పెట్రోల్‌కి చిన్న ట్రిప్పులతో డీజిల్‌కున్నంత ఇబ్బంది లేదు కానీ, బండి నిండితే బాగా తాగేస్తుంది.

ఒక్క మాట: టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఖాళీ బండిలో ఏ ఇంజినైనా హుషారుగానే ఉంటుంది.

దారిమనిషి:
మా వాడకంలో ఎక్కువ భాగం చిన్న ట్రిప్పులే, అది సరిగా లెక్క వేసుకోలేదు. డీజిల్ పక్కన పెట్టేశాను. ఆదివారం ఆరుగురం వెళ్లి హైబ్రిడ్‌నీ పెట్రోల్‌నీ ఫ్లైఓవర్ ఎక్కించి చూస్తాం.