మంచం దిగగానే కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్ళండి, పాలకొల్లు దగ్గర పల్లె. బీపీ, షుగరు మాత్రలు వాడుతోంది. ఉదయం లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి. ఇంట్లో మిషన్లో ఒకసారి 150, పది నిమిషాలకే 128. దేన్ని నమ్మాలి? భీమవరం తీసుకెళ్తే ఏ పరీక్షలు చేయించాలి?

జవాబు 1: ముందు కొలిచే తీరు చూడండి. కాఫీ తాగి అరగంట దాటాలి, ఒంటేలుకి వెళ్ళొచ్చి 5 నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోవాలి. పాదాలు నేలమీద, చెయ్యి బల్లమీద గుండె ఎత్తులో. మిషన్ పట్టీ జాకెట్టు చేతిమీద కాదు, నేరుగా చర్మంమీదే చుట్టాలి. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, వారం రోజులు ఉదయం, సాయంత్రం రాసిపెట్టండి. డాక్టరుగారికి ఆ కాగితమే కావాలి.

జవాబు 2: అసలు సంగతి నిలబడి కొలిస్తేనే తెలుస్తుందండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకి మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లేచినప్పుడు పడే బీపీ. మాత్రల మోతాదు వల్లా, ఒంట్లో నీరు తగ్గడం వల్లా కూడా వస్తుంది. మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. డాక్టరుకి చూపించేదాకా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవమనండి. మాట తడబడినా, ఒకపక్క చచ్చుబడినా వెంటనే 108.

జవాబు 3: పరీక్షలంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు, పరగడుపు అక్కర్లేదు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సోడియం, పొటాషియం (రక్తంలో లవణాలు), హిమోగ్లోబిన్, ఈసీజీ (గుండె పరీక్ష). మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర) ఏళ్ళ తరబడి వాడుతుంటే విటమిన్ బీ12 కూడా. మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, పేర్లు చెబితే చాలదు.