ఒంటరి కచేరీ నుంచి జట్టులోకి: మీకేం మారింది?

ఆరుతీగలు:
నాలుగేళ్లుగా గిటార్ పట్టుకుని ఒక్కదాన్నే పాడుతున్నాను. ఈమధ్య బేస్ గిటార్ వాయించే ఒకాయన, డ్రమ్స్ వాయించే ఒకమ్మాయి తోడయ్యారు. ఇద్దరూ నాకంటే అనుభవం ఉన్నవాళ్లే. కలిసి రెండు కచేరీలు చేశాం. రెండుసార్లూ రికార్డింగ్ విని దిగులుపడ్డాను. ఎవరూ తప్పు వాయించలేదు, కానీ పాట ఇరుకైపోయింది. ఒక్కదాన్నే పాడినప్పుడు దానికి ఉండే ఊపిరి లేదు. ఒంటరిగా వాయించి జట్టులోకి వెళ్లినవాళ్లు, జట్టు వదిలి ఒంటరిగా వెళ్లినవాళ్లు, మీ అనుభవం చెప్పండి.

లయగాడు:
నేను డ్రమ్స్ మనిషిని. అక్కా, ఒక్కరే పాడేటప్పుడు వాయించిన గిటారే ఇప్పుడూ వాయిస్తున్నారా? నేను వాయించిన గాయకుల్లో చాలామందిది ఇదే సమస్య. ఒంటరిగా ఉన్నప్పుడు బొటనవేలితో బేస్ (కింది స్వరాలు), మిగతా వేళ్లతో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), అరచేతి దెబ్బతో తాళం, అన్నీ ఒక్క గిటారే మోయాలి. మోసేవాళ్లు ఇద్దరు వచ్చాక కూడా చెయ్యి ఆ అలవాటు వదలదు. మీ గిటార్‌లో అన్నింటికంటే లావు తీగ సుమారు 82 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్నిసార్లు కంపిస్తుంది. బేస్ గిటార్ తన లావు తీగతో 41 దగ్గర మొదలై మీ తీగ ఉన్న చోటికి మాటిమాటికీ వస్తూ పోతూ ఉంటుంది. రెండూ అక్కడ కలబడితే కింద అంతా బురద. మీ గిటార్‌లో లావైన రెండు తీగలూ వదిలేసి మిగతా నాలుగింటితో వాయించి చూడండి. కొన్ని చరణాల్లో అసలు వాయించకండి, పాడండి చాలు.

ఇంకోటి. ఒంటరిగా పాడి పాడి ఉన్నవాళ్ల లయ సాగుతుంది. మాట బరువైన చోట ఆగుతారు, పల్లవి దగ్గర పడేకొద్దీ పరుగెత్తుతారు. నాకది చాలా ఇష్టం. కానీ ఎక్కడ ఆగుతారో మాకు ముందే తెలియాలి. మీరొక్కరే పాడిన పాత రికార్డింగ్ వాళ్లిద్దరికీ ఇవ్వండి, ఆ ఆగడాలు వింటారు.

స్వరఝరి:
నాది కర్ణాటక గాత్రం. ఇంట్లో తంబురా పెట్టుకుని పాడుకున్నప్పుడు రాగాలాపన ఒకలా ఉంటుంది, పక్కన వయొలిన్ ఉంటే ఇంకోలా. వయొలిన్ నా వెనకే నీడలా వస్తుంది. నేను ఊపిరి తీసుకునే ఆ క్షణం ఖాళీ కాదు, నేను పాడిన వరస చివరిముక్క వయొలిన్‌లో ఇంకా మోగుతూనే ఉంటుంది. మొదట్లో ఇది తెలియక, ఖాళీ వస్తే ఏమవుతుందోనని ఆపకుండా పాడేదాన్ని. గొంతు అలిసిపోయేది, వయొలిన్‌కి చోటే దొరికేది కాదు. ఓసారి కచేరీ అయ్యాక ఆ వయొలిన్ విద్వాంసురాలే అన్నారు, "అమ్మా, నాకు కాస్త జాగా ఇవ్వు" అని. ఆ మాట నన్ను మార్చింది.

ఒంటరితనంలో సౌకర్యం ఒకటి ఉంది, ఒప్పుకోవాలి. గొంతు బాగాలేని రోజు శ్రుతి అర మెట్టు దించుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. పక్కన మృదంగం ఉంటే కుదరదు, దాన్నీ ఆ శ్రుతికి కలపాలి, కలవనంత తేడా అయితే వేరే మృదంగం తేవాలి. అందుకే శ్రుతి మాట ముందురోజే చెప్పేస్తాను.

సౌండ్‌డెస్క్:
వేదికమీద ఎంత దూరం నిలబడుతున్నారు? నవ్వకండి, ఇది పెద్ద విషయమే. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకు 3 మిల్లీసెకన్లు. డ్రమ్స్ మీకు 10 మీటర్ల దూరంలో ఉంటే దెబ్బ మీ చెవికి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మీరు దానికి కలిపి వాయిస్తే మీ గిటార్ అంతే ఆలస్యంగా తిరిగి వెళ్తుంది. ఒకరికోసం ఒకరు ఆగుతూ పాట బరువెక్కుతుంది. వేదిక పెద్దదైనా దగ్గర దగ్గరగా నిలబడండి, ఒకరి చేతులు ఒకరికి కనబడాలి.

ఒంటరిగా పాడేవాళ్లకు ఒక్క మానిటర్ (వేదికమీద మన శబ్దం మనకే వినిపించే స్పీకర్) చాలు. ముగ్గురయ్యాక ఎవరికివారు "నాది పెంచండి" అంటారు, వేదికంతా హోరు, చివరికి ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి కీచుమనడం. పెంచే ముందు ఏది తగ్గిస్తే మీకు మీ గొంతు వినబడుతుందో చెప్పండి. మామూలు కార్డియాయిడ్ మైకు వెనకవైపు శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది, కాబట్టి మానిటర్ ఆ వైపే ఉండాలి.

నల్లమెట్లు:
నేను ఎదురుదారిలో వెళ్లినవాణ్ణి. ఆరేళ్లు బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించి, ఇప్పుడు పియానో ఒక్కటే. మొదటి కచేరీలో నిశ్శబ్దం భయపెట్టింది. నేను చెయ్యి తీస్తే ఇక శబ్దమే లేదు! కానీ వాయిస్తూండగా దారి మార్చుకునే స్వేచ్ఛ జట్టులో ఇంత సులువుగా దొరకదు. 1975 జనవరిలో జర్మనీలోని కొలోన్‌లో ఒంటరి కచేరీకి వెళ్లిన అమెరికన్ జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్‌కి దొరికింది చిన్న పియానో, పై స్వరాలు పలచగా, కింది స్వరాలు బలహీనంగా ఉండేవి. ఆయన ఎక్కువగా మధ్య స్థాయిలోనే ఉండి, ఎడమచేత్తో ఒకే వరసను తిప్పితిప్పి వాయించి ఆ లోటు కప్పాడు. అలాంటి నిర్ణయం అక్కడికక్కడ తీసుకోవాలంటే ఒక్కడే ఉండటం మేలు. ఆయనే తర్వాత ఏళ్ల తరబడి ముగ్గురి జట్టుతోనూ వాయించారు, కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోవాలని నేననను.

జట్టు వదిలితే నాకు బాగా తెలిసొచ్చింది ఎడమచెయ్యి. బ్యాండ్‌లో బేస్ ఉంది కదా అని దాన్ని పడుకోబెట్టాను. మళ్లీ లేపడానికి ఏడాది పట్టింది.

లయగాడు:
లూప్ పెడల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కాలితో నొక్కితే మనం వాయించిన ముక్కను పట్టుకుని తిప్పితిప్పి వినిపించే పరికరం అది. తోడులా కనిపిస్తుంది, కానీ మన మాట వినదు. మొదటి లూప్ తాళం మీద సరిగ్గా మూయకపోతే ఆ కుంటు పాటంతా వస్తుంది. నాకైతే వినే మనిషి పక్కన కావాలి.

ఆరుతీగలు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాధనలో దగ్గరగా నిలబడ్డాం. లావు తీగలు వదిలేశాను, మొదట చెయ్యి ఖాళీగా అనిపించి రెండుసార్లు మర్చిపోయి మళ్లీ వాటిమీదకే పోయింది. పాత రికార్డింగ్ పొద్దున్నే పంపాను. సాయంత్రం నెమ్మదైన పాట మొదలుపెడితే, డ్రమ్స్ అమ్మాయి మొదటి చరణమంతా కర్రలు ఒళ్లో పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది. నేను ఆగే మాట దగ్గర తనూ ఆగి, పల్లవికి మెల్లగా వచ్చి చేరింది. అలా చెయ్యమని నేను చెప్పలేదు.